మెట్ల మధ్య ఖాళీ

మా తమ్ముడి చేతులు మొదట ఓడిపోయింది చిన్న స్క్రూల దగ్గర.

వాడిది ఫోన్లు బాగుచేసే దుకాణం. బల్ల మీద ఆకుపచ్చ రబ్బరు షీటు, దాని మీదికి వంగిన దీపం, భూతద్దం, వరసగా పట్టకార్లు. ఆవగింజంత స్క్రూని పట్టకారుతో ఎత్తి, నాతో మాట్లాడుతూనే దాన్ని దాని గుంటలో పెట్టేసేవాడు. ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ లోపలికి తొంగిచూశాను. రబ్బరు షీటు మీద ఒకే ఒక స్క్రూ ఉంది. వాడు దాన్ని పట్టుకోబోవడం, అది జారిపోవడం, మళ్లీ పట్టుకోబోవడం. నన్ను చూసి పట్టకారు పక్కన పెట్టాడు.

"దీనికి నా మీద కోపమొచ్చిందక్కా," అన్నాడు.

నేను నవ్వాను. టీ తాగుదువుగాని పైకి రమ్మన్నాను.

దుకాణం మీద మూడు గదుల్లో మేం ముగ్గురం ఉండేవాళ్లం. తమ్ముడు, మరదలు, నేను. నాకు వేరే సంసారం లేదు. మరదలు మందుల షాపులో పనిచేస్తుంది. నరాల డాక్టరు దగ్గరికి కూడా ముగ్గురం కలిసే వెళ్లాం. ఆయన తమ్ముడి చెయ్యి తిప్పి, బొటనవేలి మొదట్లో ఉండాల్సిన కండని నొక్కి చూశాడు. అక్కడ కండ లేదు. పల్లం ఉంది. "చేతులతో మొదలైంది," అన్నాడు. ఆ తర్వాతి మాట కోసం ఎదురుచూశాం. ఆయన కాగితాలు సర్దుకున్నాడు.

బయటికి వచ్చాక మరదలు చీటీ చదివింది. "బలం బిళ్లలు వదినా. ఇంకేమీ ఇవ్వడానికి లేనప్పుడు మేం ఇచ్చేవి," అంది. తమ్ముడు ఆ మాట విననట్టు రోడ్డు దాటాడు.

వాడి దగ్గర ఒక చిన్న డ్రోను ఉంది. అరచేతికన్నా కాస్త పెద్దది, నాలుగు రెక్కలు, ముందు కందిగింజంత కెమెరా. ఎప్పుడో విడిభాగాలు తెప్పించి సొంతంగా అతికించుకున్నాడు. కళ్లకు గాగుల్స్ పెట్టుకుంటే ఆ కెమెరా చూసేది మనకు కనబడుతుంది. ఆదివారాలు దుకాణం వెనక ఖాళీ స్థలంలో తిప్పేవాడు. దాన్ని మాన్యువల్ మోడ్‌లో తిప్పడం నేర్చుకోవాలని వాడికి ఎప్పటినుంచో ఉంది. తీరిక దొరకలేదు. ఇప్పుడు దుకాణం మధ్యాహ్నానికే మూసేయాల్సి వస్తోంది కాబట్టి తీరిక దొరికింది.

"మాన్యువల్ అంటే ఏంట్రా?" అని అడిగాను.

"ఇప్పటిదాకా నేను తిప్పినదాంట్లో, భయమేస్తే రిమోట్ మీది స్టిక్ వదిలేస్తే చాలు. అదే నిటారుగా అయిపోయి నిలబడుతుంది. మాన్యువల్లో అలా నిలబడదు. ఎంత వంచి వదిలేస్తే అంతే వంగి ఉంటుంది. నిలబెట్టాలంటే నువ్వే నిలబెట్టాలి."

"నిక్షేపంగా నిలబడేదాన్ని వదిలేసి ఈ తంటా ఎందుకు?"

"నిలబడేది తలకిందులు కాదక్కా. కొంత వరకే వంగి, ఇక చాలు అంటుంది. నేను దాన్ని తలకిందులుగా వదలాలి."

ఎక్కడ వదలాలో కూడా వాడు అనుకునే ఉన్నాడు. మా బడిలో.

మా బడికి నాలుగు అంతస్తులు. మెట్లు నాలుగు గోడల వెంట చుట్టుకుంటూ పైకి పోతాయి. వాటి మధ్యలో కింది నుంచి పైదాకా ఒక చదరపు ఖాళీ. చుట్టూ ఇనుప కటకటాలు, పైన అద్దాల కప్పు. ఇన్నేళ్లలో పిల్లలతో నేను ఎక్కువసార్లు అన్న మాట "అందులోకి వంగకండి" అనేదే అయ్యుంటుంది. తమ్ముడు కూడా ఆ బడిలోనే చదివాడు. వాడు కూడా వంగేవాడు. సుద్దముక్క వదిలి, అది నేలకు తగిలేదాకా చెవి పెట్టి వినేవాడు.

వాడికి కావలసింది ఇదీ: డ్రోనుని ఆ ఖాళీలో కింది నుంచి కప్పు దాకా తీసుకెళ్లాలి. అక్కడ తల కిందికి తిప్పాలి. మొత్తం ఎత్తు రాయిలా పడనివ్వాలి. నేల ఇంకాస్త దూరం ఉందనగా తల ఎత్తి, శక్తి పెంచి, కింది వాకిలి గుండా ఆవరణలోకి తీసుకుపోవాలి. ఒక్కసారి చాలన్నాడు. తన చేతులతో, అవి ఉండగా.

వేసవి సెలవులు. సెలవుల ఆఖర్న ఆ ఖాళీలో లిఫ్టు పెడుతున్నారు. ఏళ్ల తరబడి అడగ్గా మంజూరైన లిఫ్టు.

"నా సంగతి ముందే తెలిసినట్టుంది మీ పెద్దసారుకి," అన్నాడు తమ్ముడు.

పెద్దసారు అడగ్గానే తాళాలు ఇచ్చారు. గోడలకు గీతలు పడకుండా చూడమన్నారు. ఆ తర్వాత ఏదో అనబోయి, వద్దనుకుని, మా తమ్ముడు ఆరో తరగతిలో పగలగొట్టిన కిటికీ గురించి చెప్పారు.

ముందు కంప్యూటర్లో నేర్చుకున్నాడు. సిమ్యులేటర్ అంటారు. రిమోట్‌ని తీగతో కంప్యూటర్‌కి తగిలిస్తే తెరమీద డ్రోను ఎగురుతుంది. ఎన్నిసార్లు పగిలినా కొత్తది వస్తుంది. పగలంతా వాడి గదిలోంచి అది నేలకు కొట్టుకునే చప్పుడు వినబడేది. మరదలు షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "ఇవాళ ఎన్ని పగిలాయి?" అని అడిగేది. "లెక్కపెట్టడానికి మీ వదినని పెట్టుకున్నా," అనేవాడు.

వాడు నేర్చుకున్నాడు. ఇది స్పష్టంగా చెప్పాలి. తెరమీద డ్రోనుని ఎత్తైన భవనాల పైనుంచి తలకిందులుగా దూకించి, కారు కప్పు మీద ఆకు కదలకుండా ఆపడం నేను చూశాను. వాడు నేర్చుకుంటున్న కొద్దీ బొటనవేళ్లు చచ్చుబడుతూ వచ్చాయి. అది ఒక పందెంలా ఉండేది. వాడు కొంచెం ముందున్న వారాలు కూడా ఉన్నాయి.

రిమోట్ స్టిక్‌లకు లోపల స్ప్రింగులుంటాయి. వాడు వెనక మూత విప్పి వాటిని వదులు చేశాడు. అంటే, ఎలా విప్పాలో వాడు చెప్పాడు, మరదలు విప్పింది. కొన్నాళ్లకు స్ప్రింగులు తీసేయించాడు. స్టిక్ ఏ కాస్త కదిలినా డ్రోను ఎక్కువ తిరిగేలా లోపలి లెక్కలు మార్చుకున్నాడు. ఆ రిమోట్‌ని నేనొకసారి చేతిలోకి తీసుకుంటే స్టిక్‌లు పాలల్లో చెంచాల్లా ఆడాయి.

"ఇలాగైతే నీకు పట్టు ఎక్కడుంటుందిరా?"

"పట్టు నాకు వద్దు. జారితే చాలు."

అప్పుడే వాడు రెండో రిమోట్ తెచ్చాడు. కొత్తవాళ్లకు నేర్పడానికి రెండు రిమోట్లను తీగతో కలుపుతారట. ఒకటి నేర్చుకునేవాడిది, ఇంకోటి నేర్పేవాడిది. నేర్పేవాడి రిమోట్ మీద ఒక మీట ఉంటుంది. మీట అటు ఉంటే డ్రోను శిష్యుడి చేతిలో, ఇటు లాగితే గురువు చేతిలో. ఆ గురువు రిమోట్ నా ముందు పెట్టాడు.

"నేను 'పట్టు' అంటాను. అనగానే మీట లాగి నువ్వు ఆపాలి. డ్రోను ఒక్కటే ఉంది, పగిలితే మళ్లీ అతికించడం నా వల్ల కాదు."

"నాకొచ్చేది ఒత్తులూ పొల్లులూ దిద్దడం."

"బళ్లో ఇన్నాళ్లూ జీతం తీసుకున్నావు కదా, నేర్చుకో."

అలా వాడు ఆ కంప్యూటర్ మీదే నాకు నేర్పాడు. నేను మంచి విద్యార్థిని కాదు. ప్రతిసారీ ఒకటే తప్పు. డ్రోను నా మాట వినకపోతే వేళ్లు ఎత్తేసేదాన్ని.

"మళ్లీ వదిలేశావ్."

"భయమేసిందిరా."

"పరీక్షలో ఎవడైనా చూసిరాస్తుంటే భయమేసి బయటికెళ్లిపోతావా? పట్టుకో. అంత బిగించకు. ఎర్రపెన్ను కాదది."

"ఇన్నాళ్లకి వదినగారికి మార్కులు వేసేవాళ్లు దొరికారు," అంది మరదలు తలుపు దగ్గర నిలబడి.

"వెయ్యడానికి ఏముందని? సున్నాకన్నా కింద అంకె లేక ఊరుకున్నా."

ముగ్గురం నవ్వాం. వాడు నవ్వుతూనే మోచేతితో తన చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. అప్పటికే అది దానంతటది వచ్చేది కాదు.

చివరికి నాకు వచ్చింది. పడుతున్నదాని తల ఎత్తడం, పైకి తోయడం, వణక్కుండా నిలపడం. వదిలేస్తే సర్దుకుంటుందన్న నమ్మకం వేళ్లలోంచి పోవడానికే ఎక్కువకాలం పట్టింది. నేను మొదటిసారి సరిగా ఆపినప్పుడు వాడు తెర వదిలి నా బొటనవేళ్ల వైపు చూశాడు.

"నీ చేతులు బాగున్నాయక్కా," అన్నాడు.

అందులో అసూయ లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

బడికి పొద్దున్నే వెళ్లేవాళ్లం. ఆటల గదిలోంచి హైజంపు పరుపులు తెచ్చి ఖాళీ అడుగున పరిచేదాన్ని. మేమిద్దరం కింది మెట్ల మీద పక్కపక్కన కూర్చుని గాగుల్స్ పెట్టుకునేవాళ్లం. రెండు జతల్లోనూ ఒకే దృశ్యం. ఖాళీ బడిలో దాని రొద నాలుగు అంతస్తులూ మారుమోగేది. కాపలా తాత చీపురు పట్టుకుని వచ్చేవాడు.

"టీచరమ్మా, ఆ కందిరీగ గూడెక్కడో చెబితే నేనే పొగబెడతా."

"గూడు మా ఇంట్లోనే తాతా," అనేవాడు తమ్ముడు.

ఆ పేరు దానికి స్థిరపడింది.

మొదటిసారి కందిరీగ కప్పు దాకా వెళ్లి తల తిప్పింది. రెండు అంతస్తులు పడింది. "పట్టు," అన్నాడు. మీట లాగి ఆపాను. తర్వాతిసారి ఇంకాస్త పైనే "పట్టు" అన్నాడు. ఆపాను. ఆ తర్వాత తల తిప్పీ తిప్పకముందే అన్నాడు. ప్రతిసారీ నేను ఆపాను, ప్రతిసారీ దాన్ని వాకిలి గుండా ఆవరణలోకి తీసుకెళ్లి నేల మీద దించాను. వాడికి కావలసిన పని మొత్తం నేను చేస్తున్నాను. వాడు చేయాల్సిన పని అది ఒక్కటే.

"పడేటప్పుడు శక్తి పెంచాలని తెలుసు," అన్నాడు ఇంటికి నడుస్తూ. "వేలికి చెబుతున్నా. అది వింటోంది కానీ బయల్దేరట్లేదు."

కొన్నాళ్లు బడికి వెళ్లలేదు. వాడు గదిలో తలుపేసుకుని రిమోట్‌తో ఏదో చేసుకున్నాడు. మరదలిని స్క్రూలు విప్పడానికి పిలిచేవాడు, విప్పాక పంపించేసేవాడు. అన్నం మరదలు తినిపించేది. వాడు ముద్ద ముద్దకూ ఏదో ఒక వంక పెట్టేవాడు, ఆమె నోరు మూసుకోమనేది, నోరు మూస్తే తినేదెలా అనేవాడు. గోడకి ఇవతల నాకు వినబడేది.

బడి ఆవరణలోకి ఇనుప దూలాలు వచ్చాయి. లిఫ్టు మనుషులు ఖాళీలోకి తాడు వదిలి కొలతలు తీసుకున్నారు.

"రేపటి నుంచి చుట్టూ చెక్కలు కొట్టేస్తారంట టీచరమ్మా," అన్నాడు కాపలా తాత.

ఆ పొద్దున మరదలు కూడా సెలవు పెట్టి వచ్చింది. తమ్ముణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి, రిమోట్ పట్టీ మెడలో వేసి, మోచేతుల కింద మోకాళ్ల మీద దిండు పెట్టింది. బొటనవేళ్లను ఒక్కొక్కటిగా ఎత్తి స్టిక్‌ల మీద నేను పెట్టాను. చలికాలం పలకలా చల్లగా ఉన్నాయి.

"ఇవాళ 'పట్టు' అనను," అన్నాడు.

"మరి నేను ఎప్పుడు పట్టుకోవాలి?"

"పట్టుకోవద్దు. మీట నా వైపు పెట్టి, రిమోట్ కింద పెట్టెయ్."

"పగులుతుందిరా."

"తెలుసు. పగలొచ్చు."

"ఒక్కటే ఉందన్నావు."

"టీచరమ్మా," అన్నాడు. వాడు నన్ను అలా పిలిచేది పోట్లాటకు సిద్ధమైనప్పుడే. "పరీక్ష రాస్తున్నవాడి చేతిలోంచి పెన్ను లాక్కుని నువ్వు రాస్తావా?"

మరదలు నా వైపు చూసింది. నేను మీట వాడి వైపు తోసి, రిమోట్‌ని మెట్టు మీద, నా మోకాలి పక్కన పెట్టాను. గాగుల్స్ మాత్రం తీయలేదు. వాడు చూసేది నేనూ చూడాలి.

కందిరీగ లేచింది. ఇంతకు ముందెప్పుడూ అంత నిదానంగా, అంత నిటారుగా లేవలేదు. మొదటి అంతస్తు కటకటాలు, రెండోది, తరగతి గదుల మీద రాసిన అంకెలు, మూడో అంతస్తులో ఎవరో పిల్ల మర్చిపోయిన నీళ్ల సీసా. అన్నీ మెల్లగా కిందికి దిగిపోయాయి. కప్పు అద్దాల కింద దుమ్ము వెలుగులో తేలుతోంది. అది అక్కడ ఆగింది.

"వణకట్లేదు, చూశావా?" అన్నాడు.

"చూశాను."

"నేనే."

"నువ్వే."

తల తిప్పాడు. అద్దాలు పోయి, గోడలు గిర్రున తిరిగి, అడుగున నేల కనబడింది. పరుపులు రెండు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. వాటి పక్కన మెట్ల మీద గాగుల్స్ పెట్టుకున్న ఇద్దరు మనుషులు, వాళ్ల వెనక నిలబడిన ఒక స్త్రీ. మేమే. పైనుంచి చూస్తే ఏదో రైలు కోసం కూర్చున్నట్టు ఉన్నాం. తర్వాత మేం పెద్దవాళ్లం కావడం మొదలుపెట్టాం. నా చెయ్యి మోకాలి మీద ఉంది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాను. వాడు 'పట్టు' అనలేదు. మోటార్ల రొద ఒక్కసారి పెరిగింది. పెరిగి, అక్కడే ఉండిపోయింది. మరదలి జడ పాయలు లెక్కపెట్టగలిగినంత దగ్గరికి వచ్చాక, కందిరీగ కటకటాలకు తగిలి, గాగుల్స్ నిండా తెల్లచుక్కలు వచ్చాయి.

ముక్కలు నేల మీద దొర్లే చప్పుడు కాసేపు వినబడింది.

"నువ్వు ముట్టుకోలేదు కదా?"

"లేదు."

"నిజంగా?"

"నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా?"

"లేదు. అందుకే కదా నిన్ను పెట్టుకుంది."

మరదలు వాడి గాగుల్స్ తీసింది. వాడి కళ్ల చుట్టూ రబ్బరు అచ్చు పడింది. కాపలా తాత చీపురు తెచ్చి, రెక్కల ముక్కలు ఒకచోటికి ఊడ్చాడు. "చచ్చిందా బాబూ? పోన్లే, ఇంకోటి కొనుక్కో," అన్నాడు.

"కొనొచ్చు తాతా," అన్నాడు తమ్ముడు.

తిరిగి వెళ్లేటప్పుడు దారిలో వాడు చాలా మాట్లాడాడు. పైన ఆగినప్పటి సంగతే మాట్లాడాడు. పడటం గురించి ఒక్క మాటా లేదు. ఇంకొంచెం బలముంటే ఆపేవాడని నేను అనుకున్నాను. ఆ ఇంకొంచెం కోసం ఆ రాత్రీ, ఆ తర్వాత చాలా రోజులూ నాలో నేను బేరమాడాను.

జబ్బు తన వరస తప్పలేదు. భుజాలు, మెడ, నాలుక. బళ్లు తెరిచిన కొన్నాళ్లకు లిఫ్టు తిరగడం మొదలైంది. సంవత్సరాంతపు పరీక్షల పేపర్లు నా బల్ల మీద ఉండగా వాడు పోయాడు. ఆ పేపర్లు నేనే దిద్దాను. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

దుకాణం ఖాళీ చేస్తున్నప్పుడు మరదలు వాడి సామాను ఒక పెట్టెలో వేసి, ఎవరికైనా పనికొస్తాయేమో చూడమంది. డ్రోన్లు అమ్మే కుర్రాడు గాగుల్స్ తీసుకున్నాడు, నా రిమోట్ తీసుకున్నాడు. తమ్ముడి రిమోట్‌ని చేతిలో రెండుసార్లు ఆడించి వెనక్కిచ్చేశాడు.

"చెడిపోయిందండీ. స్ప్రింగుల్లేవు. ముట్టుకుంటే చాలు గిర్రున తిరుగుతోంది."

ఇంటికి తెచ్చి కంప్యూటర్‌కి తగిలించాను. అతను అన్నది నిజమే. నా వేలు తగిలిందో లేదో, తెరమీద డ్రోను బొంగరమైపోయింది. ఎన్నో సాయంత్రాలు కూర్చున్నాను. చేతుల్లోంచి బలాన్ని తీసేయడం నేర్చుకోవాల్సి వచ్చింది. మణికట్టు వేలాడేసి, వేలి బరువు మాత్రమే స్టిక్ మీద ఉంచితే అది ఎగిరింది. ఇంత తక్కువతో వాడు తిప్పాడన్నమాట. వాడి చెయ్యి ఎలా ఉండేదో అప్పుడు తెలిసింది. వాడు బతికుండగా, ఆ చేతిని పట్టుకుని కూడా నాకు తెలియలేదు.

చేతికి వచ్చాక, ఎత్తైన భవనం పక్కన పైకి తీసుకెళ్లాను. చాలా నిదానంగా, నిటారుగా లేచింది. ఆ లేవడం నేను గుర్తుపట్టాను. పైన ఆపి, తల తిప్పి, పడనిచ్చాను. నేల దగ్గరవుతుండగా తల ఎత్తి, శక్తి స్టిక్‌ని పూర్తిగా పైకి తోశాను. రొద పెరిగింది. పెరిగి, అక్కడే ఉండిపోయింది. డ్రోను నేలకు కొట్టుకుంది.

మళ్లీ చేశాను. ఇంకా పైనుంచే తల ఎత్తాను. పగిలింది. నావి బాగున్న చేతులు. ఎంత తోసినా అది పైకి లేవడానికి సరిపడేంత ఇస్తోంది, అంతకు మించి ఇవ్వడం లేదు.

రిమోట్ తెరలోని లెక్కలు తెరిచి చూశాను. వాడు నేర్పినప్పుడు చూపించాడు కాబట్టి ఎక్కడుంటాయో తెలుసు. స్టిక్ ఎంత తోస్తే ఎంత శక్తి వెళ్లాలో చూపే గీత సగానికి కాస్త పైన తెగిపోయి ఉంది. దాన్ని అక్కడ తెంచింది వాడే. స్టిక్ మొత్తం దూరానికి సగం శక్తే పంచితే, వణికే వేలితో కూడా నిదానంగా, నిటారుగా పైకి తీసుకెళ్లొచ్చు. కానీ ఆ సగంతో పడుతున్నదాన్ని ఆపడం ఏ చేతులవల్లా కాదు. ఆపగలిగిన శక్తి ఆ రోజు ఒక్క నా రిమోట్‌లోనే ఉంది. దాన్ని వాడు కింద పెట్టించాడు.

గదిలో తలుపేసుకున్న ఆ రోజుల్లో వాడు కూర్చుని ఎంచుకున్నది ఇది. రెండూ రావు, ఒకటే వస్తుంది. పైకి వెళ్లడం తీసుకున్నాడు. కిందికి వచ్చేది ఎలా ఉంటుందో మెట్టు మీద కూర్చునే ముందే తెలుసు. మాకు చెప్పలేదు. దారి పొడవునా పైన ఆగిన సంగతే మాట్లాడాడు.

తెరమీద పగిలిన డ్రోను స్థానంలో కొత్తది వచ్చి నేల మీద కూర్చుంది. మరదలు షాపు నుంచి వచ్చింది. చెప్పులు విప్పుతూ, అలవాటుగా గది వైపు చూసి, నా చేతిలో రిమోట్ చూసి ఆగింది.

"బాగవుతుందా వదినా అది?" అని అడిగింది.

"చెడిపోలేదమ్మా," అన్నాను. "బాగానే పనిచేస్తోంది."

ఆమె లోపలికి వెళ్లి దీపం వేసింది.